మూత లోపలి గీత

బఠాణీల సంచీ కోసం ఫ్రీజర్‌లో చెయ్యి పెట్టిన అయితేగారికి బఠాణీలకు బదులు వాటర్ ఫిల్టర్ తగిలింది. జానెడు పొడవున్న నీలం గొట్టం. ఒళ్ళంతా మంచు పేరుకుని, చలికి ముడుచుకు పడుకున్న పిల్లిపిల్లలా ఉంది.

అది దానంతట అది నడిచి అక్కడికి రాలేదు. మూడు వారాల క్రితం ఆయనే పెట్టారు.

ఎవరేం చెప్పినా ముందు "అయితే?" అంటారు కనక వీధి మొత్తానికీ ఆయన అయితేగారు. "వానొచ్చేలా ఉందండీ" అని పలకరిస్తే, "అయితే? మీ చేతిలో గొడుగేది?" అని ఎదుటివాణ్ణి బోనులో నిలబెడతారు. గడియారాలు బాగుచేయడం ఆయన వృత్తి. సరిగ్గా నడుస్తున్నట్టు కనిపించే గడియారాన్ని అసలు నమ్మరు. బాగుచేసిన ప్రతి గడియారానికీ వెనక మూత లోపల సూదితో తేదీ గీసి పెడతారు, మళ్ళీ ఎప్పుడైనా చేతికొస్తే దాని జాతకం తెలిసేలా. "మూత తీసి లోపల చూడనిదే దేన్నీ నమ్మకూడదు" అని ఇంట్లో రోజూ ఒక్కసారైనా అంటారు. వినేది వాళ్ళావిడ ఒక్కతే.

ఏడాదికి నాలుగైదుసార్లు ఆయనా ఆవిడా వీపున సంచులు తగిలించుకుని కొండలెక్కుతారు. డేరా, పొయ్యి, తిండి, దారి అన్నీ ఆవిడే చూసుకుంటుంది. ఆయన వంతు ఒక్కటే, ఫిల్టర్. వాగు నీళ్ళు ప్లాస్టిక్ సంచిలో పట్టి, దాని మూతికి ఈ గొట్టం బిగించి పిండితే, లోపల వెంట్రుకల్లాంటి బోలు దారాల గుండా వడకట్టుకుని మంచినీళ్ళు బయటికొస్తాయి. మట్టీ, నాచూ, కంటికి కనపడని క్రిములూ లోపలే ఆగిపోతాయి.

ఇంటికొచ్చాక దానికి చాకిరీ చెయ్యాలి. సిరంజితో శుభ్రమైన నీళ్ళు వెనకవైపు నుంచి గట్టిగా కొట్టాలి, మురికంతా వదిలేదాకా. బ్లీచింగ్ కాస్త కలిపిన నీళ్ళు ఎక్కించాలి. విదిలించాలి. మూత తీసి వారం పాటు నీడన ఆరబెట్టాలి. అప్పుడు అలమరలోకి. చంటిపిల్లకి కూడా ఇంత సేవ ఉండదని ఆయన గొణుగుడు.

కిందటిసారి కొండ దిగి వచ్చేసరికి మోకాళ్ళు మొరాయించాయి. తడి వస్తువు పాడవకుండా ఉండాలంటే ఏం చేస్తారు? ఫ్రిజ్‌లో పెడతారు. కింద అరలన్నీ నిండిపోయుంటే? పైన పెడతారు. ఇంత తేలిక ఉపాయం ఫిల్టర్ చేసినవాళ్ళకి ఎందుకు తట్టలేదా అని ఆయన ఆ రోజు కాస్త జాలిపడ్డారు కూడా.

ఇప్పుడు ఎందుకో అనుమానం వచ్చి సొరుగులోంచి ఫిల్టర్‌తో వచ్చిన కాగితం తీసి చదివారు. "ఒకసారి వాడిన ఫిల్టర్ గడ్డకడితే పారేయండి. లోపలి దారాలు చిట్లుతాయి. పైకి ఏ తేడా కనిపించదు. నీళ్ళు మామూలుగానే వస్తాయి. క్రిములు కూడా వస్తాయి."

అయితేగారు కుర్చీలో కూలబడ్డారు. పైకి ఏ తేడా కనిపించదట!

పోయినేడు ఓసారి వెనక నుంచి నీళ్ళు కొట్టడం ఎగ్గొడితే కొండమీద ఫిల్టర్ పూడుకుపోయింది. చెంబుడు నీళ్ళు పిండేసరికి, శిఖరం మీంచి చూద్దామనుకున్న సూర్యుడు వీళ్ళకోసం ఆగకుండా పైకొచ్చేశాడు. ఆవిడ అరవలేదు. "ఇంకొక్కసారి ఫిల్టర్ దగ్గర తేడా వస్తే నేను మా పళ్ళ క్లినిక్ వాళ్ళతో వెళ్తాను. మీరు హాయిగా ఇంట్లో ముళ్ళు తిప్పుకోండి" అంది. ఆవిడ ఒకసారి అన్నమాట రెండోసారి అనదు, చేస్తుంది. శనివారం మళ్ళీ ప్రయాణం. ఇవాళ మంగళవారం.

ఆయనకి కొండ మీద పెద్ద ప్రేమేం లేదు. కానీ కొండమీద ఆవిడ పది అడుగులు ముందు నడుస్తూ సన్నగా కూనిరాగం తీస్తుంది. ఇంట్లో ఆ రాగం వినపడదు, తీరికుండదు. ఎత్తు వచ్చినచోట వెనక్కి తిరిగి చూడదు గానీ, నడక నెమ్మదిస్తుంది. తనకోసమేనని ఆయనకి తెలుసు. తెలుసని ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.

ఇదే ఫిల్టర్ మాట్లాడకుండా తీసుకెళ్ళిపోతే? ఆ ఆలోచన వచ్చినంత వేగంగానూ పోయింది. మొదటి గుక్క ఎప్పుడూ ఆవిడే తాగుతుంది. "నేను బతికి బట్టకడితే మీరు తాగండి" అని నవ్వుతుంది.

కుదరదు. కొత్తది కొనాలి. దాన్ని పాతదానిలా తయారుచెయ్యాలి. ఆవిడకి తెలియకుండా మార్చెయ్యాలి. అనుకుని గొట్టాన్ని మళ్ళీ మంచులోకి తోసి తలుపు మూసేసరికి వెనక ఆవిడ.

"ఏం వెతుకుతున్నారు?"

"బఠాణీలు."

"దొరికాయా?"

"లేవు."

"ముందువరసలోనే ఉన్నాయి కదండీ, పచ్చగా."

"అయితే? పచ్చగా ఉన్నవన్నీ బఠాణీలేనా?"

ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర పరికరాలు శుభ్రం చేసే పని చేస్తుంది. పదిహేనేళ్ళుగా నొప్పి దాచుకుని కూర్చున్న మొహాలు చూస్తోంది. ఏ దవడ వెనక ఏముందో కుర్చీ ఎక్కకముందే చెప్పగలదు. అలాంటి చూపొకటి ఆయన మీద పడేసింది.

"ఫిల్టర్ ఆరిందా?"

"ఎప్పుడో."

"అలమరలోనే ఉందిగా?"

"ఇంకెక్కడుంటుంది?"

"నేనూ అదే అనుకుంటున్నా, ఇంకెక్కడుంటుందని" అని, బఠాణీల సంచీ తీసి ఆయన చేతిలో పెట్టి వెళ్ళింది.

బఠాణీలు చల్లగా ఉన్నాయి. అయితేగారి వెన్ను అంతకంటే చల్లగా ఉంది. ఆవిడకి తెలుసా? తెలిస్తే అరవాలి కదా? అరవలేదంటే తెలియదు. లేదా తెలిసీ అరవలేదంటే ఏదో ఉంది.

మర్నాడు పొద్దున్నే కొండలెక్కేవాళ్ళ సామాన్ల కొట్టుకి వెళ్ళారు. అక్కడ పనిచేసేది బావమరిదే, ఆవిడ సొంత తమ్ముడు. ఎవరేం చెప్పినా కడుపులో దాచుకుంటాడని చుట్టాలందరూ అతన్ని తాళంకప్ప అంటారు.

"ఒరేయ్, ఒక ఫిల్టర్ కావాలి. నీలంది. మీ అక్కకి తెలియకూడదు."

"తెలియదు బావా. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పడం నాకు చేతకాదు."

"అయితే? ఇంకెవరి సంగతులున్నాయి నీ దగ్గర?"

"చెప్తే తాళంకప్పనెలా అవుతాను బావా?" అని నీలం గొట్టం తీసి ఇచ్చాడు. "ఈ నెల్లో ఇవి బాగా పోతున్నాయి. మన ఇంటిమీదే నడుస్తోంది కొట్టు."

ఆ ఆఖరి మాటని అనుమానించాల్సిన మనిషి, జీవితంలో మొదటిసారి దేన్నీ అనుమానించకుండా గబగబా బయటపడ్డారు.

తన కొట్టులో కూర్చుని కంటికి భూతద్దం బిగించారు. గడియారపు గాజు నునుపు చేసే కాగితంతో కొత్త గొట్టాన్ని అక్కడక్కడా గీకారు. పాతదానికి మూతి దగ్గర ఒక నొక్కు ఉంది, రాతి మీద పడి. దీనికీ చిన్న సుత్తితో అదే చోట నొక్కు పెట్టారు. రంగు మరీ తళతళలాడుతోందని డికాక్షన్ గిన్నెలో ముంచి నానబెట్టారు.

గడియారం కోసం వచ్చిన ముసలావిడ ఇదంతా కాసేపు చూసింది.

"ఏం చేస్తున్నావు నాయనా?"

"కొత్తదాన్ని పాతది చేస్తున్నానమ్మా."

"నాకు ఎవరూ సాయం చెయ్యకుండానే అయిపోయింది" అంది ముసలావిడ.

సాయంత్రానికి సృష్టి పూర్తయింది. ఎంత బాగా వచ్చిందంటే, ఆయనకే దానిమీద కాస్త అసహ్యం వేసింది.

గురువారం మధ్యాహ్నం, ఆవిడ క్లినిక్‌లో ఉండే వేళ చూసుకుని ఇంటికొచ్చారు. ఫ్రీజర్‌లోది తీసి వంటింటి గట్టుమీద కొత్త పాతదాని పక్కన పెట్టారు. మంచు కరిగి, అసలుది బయటపడింది. కవలలు! అదే గీకుడు, అదే నొక్కు, అదే మురికి. అయితేగారు రెండడుగులు వెనక్కివేసి చేతులు కట్టుకున్నారు. ఆ తన్మయత్వంలో వీధి గేటు చప్పుడు వినిపించలేదు. తలుపు తాళం తిరిగిన చప్పుడు వినిపించింది.

రెండు గొట్టాలనీ చెరో ప్యాంటు జేబులో కూరారు.

"మీరేంటి ఈ వేళప్పుడు?" అంది ఆవిడ లోపలికొస్తూ.

"నువ్వేంటి ఈ వేళప్పుడు?"

"మధ్యాహ్నం డాక్టరుగారికి పంటి నొప్పి. మూసేశారు."

"పళ్ళ డాక్టరుకి పంటి నొప్పేమిటి?"

"ఎందుకు రాకూడదు? మీకు మతిమరుపు రాలేదూ? గడియారాలాయన అయ్యుండి టైము కాని టైముకి ఇంటికి వచ్చారు." ఆవిడ చూపు కిందికి దిగింది. "ప్యాంటు తడిసిందేం?"

అయితేగారు కిందికి చూసుకున్నారు. కుడి జేబులోంచి మంచునీళ్ళు కారి తొడమీదుగా మోకాలి దాకా దేశపటంలా పాకుతున్నాయి.

"నీళ్ళు పడ్డాయి."

"ఎక్కణ్ణించి?"

"పైనుంచి."

"పైనుంచి పడితే చొక్కా తడవాలి కదండీ."

అయితేగారు బాత్రూంలోకి పరుగెత్తి గడియ పెట్టుకున్నారు. కంగారులో ప్యాంటు విప్పి బకెట్లో పడేశారు. పడేశాక జేబుల్లో ఏమున్నాయో గుర్తొచ్చింది. నీళ్ళలోంచి రెంటినీ పైకి తీశారు.

రెండూ తడిశాయి. రెండూ నీలం. రెంటికీ అదే చోట నొక్కు.

ఏది పాతది? ఏది కొత్తది? దేన్లోంచి మంచినీళ్ళొస్తాయి, దేన్లోంచి క్రిములొస్తాయి? ఆయన బాత్రూం కిటికీ దగ్గర నిలబడి ఎడమచేతిది చూశారు, కుడిచేతిది చూశారు, ఊపి చూశారు, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. గడియారాలు కావు కనక అవేం మాట్లాడలేదు. వాసన చూశారు. డికాక్షన్ వాసన రావాలి. వచ్చింది. బకెట్టంతా డికాక్షన్ వాసనే.

ఆవిడ వంటింట్లో ఉండగా పిల్లిలా పడగ్గదిలోకి జారుకున్నారు. ప్రస్తుతానికి ఎక్కడైనా దాచాలి. అలమరలో ఆవిడ కొండ సంచీ ఉంది, శనివారానికి సగం సర్ది. దాని అడుగున ఎవరు చూస్తారు? చెయ్యి పెట్టారు. చేతికి నున్నటి గొట్టమొకటి తగిలింది.

బయటికి తీశారు. నీలం ఫిల్టర్. కొత్తది. మెరుస్తోంది.

అయితేగారు మంచం అంచున కూర్చుండిపోయారు. ఆవిడ తనకి చెప్పకుండా ఫిల్టర్ ఎందుకు కొంది? సొంతంగా ఫిల్టరుంటే ఇంక తన అవసరమేముంది? ఫ్రీజర్ సంగతి తెలుసు. అందుకే అరవలేదు. శనివారం క్లినిక్ వాళ్ళతో వెళ్తోంది. ఆ నర్సమ్మ, ఆ రశీదులు రాసే పిల్ల, పంటి నొప్పి డాక్టరూ ఆవిడ వెనక పది అడుగుల దూరంలో నడుస్తారు. ఆ రాగం వాళ్ళు వింటారు.

ఆ పూటా, శుక్రవారం పగలంతా ఆయన ఆవిణ్ణి కనిపెట్టి చూశారు. ఆవిడ సాక్సులు మడిచింది: రెండు జతలా, నాలుగు జతలా? ఫోన్‌లో "ఆ, శనివారమే" అంది: ఎవరితో? బిస్కట్ పొట్లాలు లెక్కపెడితే ఇద్దరికి ఎక్కువ, నలుగురికి తక్కువ. ఏమీ తేలలేదు.

శుక్రవారం సాయంత్రం తాళంకప్ప డేరా మేకులివ్వడానికి వచ్చాడు. అతన్ని చూడగానే అయితేగారి గుండెలో రెండ్రోజులుగా మరుగుతున్నది పొంగింది. లోపలికెళ్ళి మెరిసే ఫిల్టర్ తెచ్చి భోజనాల బల్లమీద ఠప్పున పెట్టారు.

"ఇదేమిటి?"

"ఫిల్టర్" అంది ఆవిడ.

"అది నాకూ తెలుసు. నాకు చెప్పకుండా ఎందుకు కొన్నావు? ఎవరితో వెళ్తున్నావు? అంతా తెలుసు నాకు. మీ తమ్ముడికీ తెలుసు. అవునా, కాదా?"

"నాకు అన్నీ తెలుసు బావా. అందుకే ఏమీ చెప్పను" అన్నాడు తాళంకప్ప, కుర్చీ లాక్కుని సౌకర్యంగా కూర్చుంటూ.

ఆవిడ మాత్రం నింపాదిగా అడిగింది. "ఇది నా సంచీ అడుగున ఉంది కదా. మీరు నా సంచీలో చెయ్యెందుకు పెట్టారు?"

"ఎందుకేమిటి? ఆ రెండూ దాచడానికి!"

తాళంకప్ప కళ్ళు మూసుకున్నాడు, ఘోరం చూడలేనట్టు.

"ఏ రెండూ?" అంది ఆవిడ.

అయితేగారు పెదాలు బిగించారు.

"నోరు తెరవండి" అంది ఆవిడ. క్లినిక్‌లో రోజూ డాక్టరుగారు అనేమాటే. అదే మెత్తదనం, అదే గట్టిదనం.

అయితేగారు నోరు తెరిచారు. ఫ్రీజరూ, కాగితమూ, సుత్తీ, డికాక్షనూ, బకెట్టూ అన్నీ వరసగా వచ్చేశాయి. చివర, ఎవరూ అడక్కపోయినా, "నువ్వు తాగుతావని భయమేసింది" అన్నారు. చివరికి దాచిపెట్టిన పాత బూటులోంచి రెండు గొట్టాలూ తెచ్చి బల్లమీద మెరిసేదాని పక్కన పెట్టారు. "వీటిల్లో ఏది మంచిదో నాకు తెలియట్లేదు."

ఆవిడ నవ్వలేదు. ఒక పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి తెచ్చింది. ఖాళీ నీళ్ళ సంచి తెచ్చి గాలి నింపింది. "తడిసిన దారాలు బాగుంటే గాలిని పోనివ్వవు. చిట్లితే పోనిస్తాయి. బిగించి, కొస నీళ్ళలో ముంచి పిండండి."

మొదటిదాన్ని బిగించి అయితేగారు పిండారు. గాలి కదలలేదు. ఇంకా గట్టిగా పిండారు. మొహం ఎర్రబడింది, మెడనరాలు తేలాయి. సంచి రాయిలా బిగుసుకుంది గానీ ఒక్క బుడగ రాలేదు. డికాక్షన్ రంగు చుక్క ఒకటి రాలింది.

రెండోదాన్ని బిగించి పిండీ పిండకముందే గిన్నె నిండా బుడబుడమని బుడగలు.

"అయితే ఇదే! ఇదే పాతది!" అని ఎగిరారు అయితేగారు.

"అవును. గడ్డకట్టినదాన్ని బుడగలు రాకపోయినా నేను నమ్మను. పోన్లెండి, కష్టపడ్డారు. కానీ ఇంతా అక్కర్లేదు" అంది ఆవిడ. "దాని మూత తీసి లోపల చూడండి."

అయితేగారు మూత తిప్పారు. జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నారు. మూత లోపలి అంచున, ఆయన సూదితోనే, ఆయన పద్ధతిలోనే, చీమకాళ్ళంత అక్షరాలు. పదిహేను రోజుల కిందటి తేదీ. దాని కింద: "ఎప్పుడు చెప్తారో చూద్దాం."

మూత తీసి లోపల చూడనిదే దేన్నీ నమ్మకూడదని ఇన్నేళ్ళుగా చెప్తున్న మనిషి, ఊపి, విని, వాసన చూసిన మనిషి, మూత మాత్రం తీయలేదు. అవతల తాళంకప్ప భుజాలు కదులుతున్నాయి. తాళంకప్పకి చప్పుడు లేకుండా నవ్వడం కూడా వచ్చు.

"బఠాణీలకి చెయ్యి పెడితే నాకూ అదే తగిలింది" అంది ఆవిడ. "తీసి గీసి మళ్ళీ అక్కడే పెట్టా. రోజూ అడుగుదామనుకున్నా. మీరే చెప్తారనుకున్నా."

"అయితే... అయితే ఆ కొత్తది ఎవరితో వెళ్ళడానికి కొన్నావు?"

"రేపు పొద్దున సంచులు సర్దేటప్పుడు చూడండి" అని ఆవిడ చిట్లినదాన్ని చెత్తబుట్టలో వేసి, డికాక్షన్‌దాన్ని సిరంజితో కడగమని ఆయన ముందు పెట్టింది. సింకులో గంటసేపు కడిగినా డికాక్షన్ రంగు వస్తూనే ఉంది.

శనివారం తెల్లవారి ఆయన లేచేసరికి హాల్లో రెండు సంచులున్నాయి. రెండు జతల బూట్లున్నాయి. ఆవిడ మెరిసే ఫిల్టర్‌కి తాడు కట్టి ఆయన మెడలో వేసింది.

"వాగు దగ్గర వాడాక లోపల చొక్కా కింద పెట్టుకోండి. పైన చలి ఎక్కువ. మళ్ళీ గడ్డకట్టకూడదు. ఒంటి వేడి తగలాలి."

"చల్లగా ఉంటుందే, పొట్టకి?"

"ఫ్రీజరంత ఉండదు లెండి."

నిజంగానే ఉండలేదు, కానీ పెద్ద తేడా కూడా లేదు. మొదటి వాగు దగ్గర నీళ్ళు పట్టాక అది అడుగడుగుకీ బొడ్డు మీద ఒక చుక్క చొప్పున రాలుస్తూ వచ్చింది. అయితేగారు ప్రతి చుక్కకీ ఒక మెలిక తిరిగారు. పది అడుగుల ముందు ఆవిడ నడుస్తోంది. ఎత్తు మొదలైంది. ఆవిడ వెనక్కి చూడలేదు. నడక నెమ్మదించింది. కూనిరాగం మొదలైంది.

రెండో వాగు దగ్గర ఆవిడ నీళ్ళు పట్టుకురావడానికి వంగినప్పుడు ఆయన తాడు పైకి లాగి, అటూ ఇటూ చూసి, మూత తిప్పారు. ఈసారి ఊపలేదు, వాసన చూడలేదు. భూతద్దం పెట్టుకున్నారు. లోపల గీతలున్నాయి.

తేదీ. పాతదాని మీద ఉన్న తేదీకి సరిగ్గా మర్నాటిది. కింద ఒకే మాట: "ఇద్దరికీ."

అంటే ఆయన నోరు తెరవకముందే. సుత్తి కంటే, డికాక్షన్ కంటే, బకెట్టు కంటే ముందే. పదమూడు రోజులు ఇది సంచీ అడుగున ఊరికే ఎదురుచూస్తూ పడుకుంది.

భూతద్దం మీద ఎక్కణ్ణించో తడి చేరింది. చొక్కాతో తుడుచుకుని తలెత్తేసరికి ఆవిడ నిండిన సంచీ పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"ఏమిటి చూస్తున్నారు?"

"అయితే నువ్వు..." అన్నారు అయితేగారు.

"నోరు మూసుకుని నీళ్ళు పిండండి" అంది ఆవిడ. "ఈసారి మొదటి గుక్క మీదే."